ఆగిపోయే బొమ్మకు వెల కట్టేదెవరు?

గోదావరిఖని బొగ్గుగని కార్మికుని కొడుకొకడు నా దగ్గర చదువుకున్నాడు. ఇప్పుడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. మొన్నటి చలికాలంలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు పడకగది సజ్జమీద మూత తెరవని బొమ్మల పెట్టెలు వరుసగా పేర్చి వుండడం చూశాను. వాడికింకా పిల్లలు లేరు. "ఎవరి కోసంరా ఇవన్నీ?" అని అడిగితే, "ఆడుకునేందుకు కాదు సార్, అమ్ముకునేందుకు" అని నవ్వాడు.

అవి డెన్మార్కు దేశపు లెగో కంపెనీవారి బొమ్మలు. చిన్న చిన్న ప్లాస్టిక్ ఇటుకలను ఒకదానికొకటి తగిలించి ఇల్లో, ఓడో, కోటో కట్టుకునే సెట్లు. కంపెనీ ఏ సెట్టు తయారీని ఎప్పుడు ఆపివేస్తుందో ముందుగా పసిగట్టి, ఆపకముందే కొని, మూత తెరవకుండా దాచి, ఆపిన కొన్నేళ్ళకు మారుబేరం చేస్తే బ్యాంకు వడ్డీని మించిన లాభం వస్తుందట. ఏడాది పొదుపంతా అందులో పెట్టాడు. నేను కనుబొమలు ముడవడం చూసి, "ఇది జూదం కాదు సార్, లెక్క" అన్నాడు.

పదేళ్ళుగా నేను మన ఉత్తర తెలంగాణా చేతిపనుల చరిత్రకు సంబంధించిన కాగితాలు పోగుచేస్తున్నాను. నిర్మల్ కొయ్యబొమ్మల గురించీ, కరీంనగర్ వెండితీగ పని గురించీ ఎంతో కొంత రాసుకున్నాను. ఐతే, ఒక బొమ్మ చేయడం ఆగిపోతే దాని వల్ల ఎవరికి ఏమి ముడుతుందన్న ప్రశ్న మాత్రం నాకు ఎన్నడూ తోచలేదు. నా విద్యార్థి సజ్జమీది పెట్టెలే ఆ ప్రశ్నను నా ముందు పెట్టాయి.

వాడు చెప్పిన లెక్క వినదగ్గదే. మామూలుగా ఒక సెట్టు ఏడాదిన్నర నుంచి రెండు మూడేళ్ళ వరకు అంగళ్ళలో వుంటుంది. పెద్దవాళ్ళ కోసం చేసే ఖరీదైన సెట్లు ఇంకా ఎక్కువ కాలం వుంటాయి. ఆపివేతలు ఎక్కువగా సంవత్సరాంతంలో జరుగుతాయి. సినిమా పేరు మీదనో మోటారు కంపెనీ పేరు మీదనో చేసిన సెట్లైతే, ఆ పేరు వాడుకునే ఒప్పందం గడువు చూసుకోవాలి. ఒక్కొక్క దేశంలోనే సరుకు అయిపోయి తిరిగి రాకపోవడం ఒక గుర్తు. అదే రకం బొమ్మకు కొత్త రూపం వస్తున్నదన్న కబురు ఇంకొక గుర్తు. ఆఖరుకు కంపెనీ అంగడే "త్వరలో నిలిపివేస్తాం" అని చీటీ తగిలిస్తుంది. ఐతే అప్పటికి అందరికీ తెలిసిపోతుంది గనుక అందులో లాభం పలచన. ఈ గుర్తులన్నీ పట్టికలు వేసి, తేదీలు కట్టి, ఒకరి జోస్యాన్ని ఒకరు సరిదిద్దుకునేవాళ్ళు లోకమంతటా వున్నారు.

పండితులు కూడా దీన్ని వదలలేదు. మాస్కో నగరంలోని హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన విక్టోరియా దోబ్రిన్‌స్కయా, యూలియా కిషిలోవా అనే ఇద్దరు పరిశోధకులు 1987 నుంచి 2015 వరకు వచ్చిన 2,322 సెట్ల ధరలు పరిశీలించారు. మూత తెరవని సెట్టు మీద సగటున ఏడాదికి నూటికి 11 వంతున లాభం వచ్చిందని 2022లో అచ్చయిన వ్యాసంలో తేల్చారు. ఆపివేసిన తరువాత రెండు మూడేళ్ళు ఆగితేగాని ఆ పెరుగుదల కనబడదని కూడా చెప్పారు. ఒకనాడు పంచవర్ష ప్రణాళికల అంకెలు కూడిన నగరంలో నేడు పిల్లల బొమ్మల మారుబేరం అంకెలు కూడుతున్నారు, అదొక చరిత్ర. సగటు మాట అలా వుంచి, విడివిడిగా చూస్తే ఏడాదికి సగం సొమ్ము మింగిన సెట్లూ వున్నాయి, ఏడాదికి ఆరింతల లాభం తెచ్చినవీ వున్నాయి. నా విద్యార్థికి సగటు మాత్రమే గుర్తున్నది.

ఇక్కడ అర్థశాస్త్రం చదివే విద్యార్థులు ఒక పాత పాఠం జ్ఞాపకం చేసుకోవాలి. రికార్డో 1817లో తన గ్రంథం మొదట్లోనే వస్తువులను రెండు తెగలుగా విడదీశాడు. అపురూపమైన శిల్పాలు, చిత్తరువులు, పాత నాణేలు, ఏదో ఒక ప్రత్యేకమైన నేలలో పండిన ద్రాక్షతో చేసిన సారా—వీటిని ఎంత శ్రమ పెట్టినా పెంచలేము గనుక వీటి ధర కేవలం అరుదుతనం మీద, కొనేవాడి సంపద మీద ఆధారపడుతుందని అన్నాడు. మిగిలిన సరుకులన్నీ శ్రమతో పెంచగలిగినవి. వాటికి విలువ సూత్రం వర్తిస్తుంది. మార్క్స్ కూడా "పెట్టుబడి" మూడవ సంపుటంలో, శ్రమతో తిరిగి పుట్టించలేని పురాతన వస్తువుల ధర ఎన్నో యాదృచ్ఛిక కారణాలను బట్టి నిర్ణయమవుతుందని పక్కన పెట్టాడు.

లెగో సెట్టు ఈ రెండింటిలో ఏ తెగకు చెందుతుంది? అచ్చులున్నాయి, యంత్రాలున్నాయి, ప్లాస్టిక్ వున్నది. రేపు ఉదయం ఆజ్ఞ వేస్తే లక్ష పెట్టెలు బయటికి వస్తాయి. అంటే అది ముమ్మాటికీ శ్రమతో పెంచగలిగిన సరుకు. యజమాని ఒక సంతకంతో దాన్ని పాత నాణేల తెగలోకి నెట్టుతున్నాడు. మారుబేరగాడు పసిగట్టదలచుకున్నది ఆ సంతకం పడే తేదీనే.

మన జిల్లాలలో ధాన్యం దాచినవాళ్ళను ఎరుగుదుము. పంట ఇంటికి వచ్చినప్పుడు చవకగా కొని, ఆషాఢంలో పేదరైతు గాదె ఖాళీ ఐనప్పుడు నాగుకిచ్చి, బస్తాకు బస్తాన్నర రాబట్టుకున్న షావుకారు కూడా ఒక విధంగా జోస్యకాడే. వాడి జోస్యానికి వానలూ, రైతు ఆకలీ ఆధారం. 1940లలో నిజాం ప్రభుత్వం లెవీ పేరుతో చిన్నరైతు గింజలు ఊడ్చుకుపోతుంటే దేశ్‌ముఖుల పాతర్లు నిండుగా వుండేవి. ఆ పాతర్ల తలుపులు 1946 తరువాత ఎట్లా తెరుచుకున్నాయో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. బొమ్మలు దాచినవాడి వల్ల ఎవరూ పస్తుండరు. ఆ తేడా తేడాయే, దాన్ని కప్పిపుచ్చి నా విద్యార్థిని షావుకారుతో జతకట్టడం అన్యాయం. ఐతే షావుకారు వాననైనా ఎదురుచూడవలసి వచ్చేది. ఇక్కడ వానా కంపెనీదే, కరువూ కంపెనీదే.

ఈ కంపెనీ పుట్టుక విచిత్రమైనది. బిల్లున్ అనే పల్లెటూళ్ళో ఓలె కిర్క్ క్రిస్టియన్సన్ అనే వడ్రంగి వుండేవాడు. ప్రపంచ ఆర్థిక సంక్షోభం నాటికి ఇళ్ళు కట్టించుకునేవాళ్ళు లేక పని కరువై, 1932లో ముక్కాలి పీటలు, ఇస్త్రీ బల్లలతోపాటు కొయ్యబొమ్మలు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. 1934లో లెగో అన్న పేరు పెట్టాడు. యుద్ధం ముగిశాక ప్లాస్టిక్ అచ్చుపోసే యంత్రం కొన్నాడు. నేటి ఇటుక రూపానికి 1958 జనవరి 28న పేటెంటు కోసం దరఖాస్తు పెట్టారు. ఆ ఏడే ఓలె కిర్క్ చనిపోయాడు. 1960లో కొయ్యబొమ్మల విభాగం తగలబడింది. దాన్ని తిరిగి కట్టవచ్చునా అన్న ఆలోచన వచ్చినప్పుడు కొడుకు గాట్‌ఫ్రెడ్ వద్దన్నాడు. కొయ్యబొమ్మ ఆగిపోయింది. అన్నదమ్ములలో ఇద్దరు విడిపోయారు. ఆ కంపెనీ చరిత్రలో మొదటి పెద్ద నిలుపుదల అదే. అంటే వడ్రంగి చేతిపనిని ఆపివేసిన తరువాతనే అది మహాసంస్థ ఐనది.

ఇటీవలి నిలుపుదలల సంగతి వేరు. 2008లో ఆ కంపెనీ తాజ్‌మహల్ సెట్టు ఒకటి విడుదల చేసింది. 5,922 ముక్కలు, అమెరికాలో ధర 300 డాలర్లు. కొన్నాళ్ళకు ఆపివేసింది. తరువాత మారుబేరంలో దానికి అసలు ధర మీద ఎన్నో రెట్లు పలికింది. తాజ్‌మహల్ సజ్జమీద వుంటే పెన్షను అక్కరలేదనుకున్నవాళ్ళున్నారు. 2017లో కంపెనీ అదే తాజ్‌మహల్‌ను మరో అంకె వేసి, 5,923 ముక్కలతో మళ్ళీ అంగట్లో పెట్టింది. పెరిగింది ఒక్క ముక్క. పాత పెట్టెల ధరలు కూలిపోయాయి. ఇందులో మోసమని పిలవడానికి వీలైనది ఏదీ లేదు. తాను తిరిగి చేయనని కంపెనీ ఎవరికీ మాట ఇవ్వలేదు. జోస్యకాళ్ళు లెక్కలో వేయనిది అదొక్కటే: ఆపినవాడికి తిరిగి మొదలుపెట్టే హక్కు కూడా వున్నది. 2019లో కంపెనీ మరొక అడుగు వేసి, ఈ మారుబేరాలకు ముఖ్యమైన సంతగా 2000 నుంచి నడుస్తున్న బ్రిక్‌లింక్‌ను కొనివేసింది. సరుకు, నిలుపుదల, మారుబేరపు సంత అన్నీ ఇప్పుడు ఒకే ఇంటివి.

దీనికంటే ముందు అమెరికాలో బీనీ బేబీల వెర్రి నడిచింది. ఇల్లినాయ్ రాష్ట్రపు వ్యాపారి టై వార్నర్ 1993లో మొదలుపెట్టిన గుడ్డబొమ్మలు అవి. ఒక్కొక్కటి అయిదు డాలర్లు. ఒక్కొక్క బొమ్మకు "పదవీవిరమణ" ప్రకటించడమే అతని వ్యాపార రహస్యం. ఏ బొమ్మ ఎప్పుడు విరమిస్తుందో ఊహించడానికి పత్రికలు, ధరల పుస్తకాలు వెలిశాయి. ఈబే సంతలో ఒక దశలో పదోవంతు అమ్మకాలు వీటివే. 1999లో లాస్ వేగాస్‌లో విడాకులు తీసుకున్న దంపతులు న్యాయమూర్తి ఎదుట నేలమీద కూర్చొని ఈ బొమ్మలు పంచుకున్న ఫోటో నేటికీ దొరుకుతుంది. ఆ ఆగస్టులో వార్నర్, సంవత్సరాంతానికి బొమ్మలన్నీ ఆపివేస్తానన్నాడు. తీరా డిసెంబరులో ప్రజల ఓటు అడిగి, వాళ్ళు కోరారు గనుక కొనసాగిస్తానన్నాడు. అప్పటినుంచి ధరలు పాతాళానికి పోయాయి. కాలేజీ చదువులకని దాచిన బొమ్మలు అటకలమీదే మిగిలాయి. వార్నర్ మాత్రం 2013లో, స్విస్ బ్యాంకులో దాచిన సొమ్ముకు పన్ను ఎగవేసినట్టు నేరం ఒప్పుకున్నాడు. దాచడమెట్లాగో తెలిసినవాడు ఆ ఆటలో ఆయన ఒక్కడే అనిపిస్తుంది.

ఇక మన గడ్డకు వస్తాను.

నేను కరీంనగర్‌లో కాలేజీలో చేరిన ఏడు, ఫీజుకు డబ్బు చాలక మా అమ్మ తన వెండితీగ కుంకుమభరిణె తీసి ఇచ్చింది. ఎలగందుల నుంచి కరీంనగర్‌కు వచ్చిందని చెప్పుకునే పని అది. సన్నని వెండితీగెలను మెలిపెట్టి, చుట్టి, టంకంతో అతికి అల్లికలాగా చేస్తారు. పాన్‌దానులూ అత్తరుదానులూ ఆ పనితోనే నవాబుల ఇళ్ళకు చేరాయి. 2007లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆనాడు దుకాణదారు భరిణెను తూకంలో వేశాడు. టంకం పోను ఇంత అన్నాడు. పనితనం ఎక్కువైనకొద్దీ అతుకులెక్కువ, అతుకులెక్కువైనకొద్దీ టంకం ఎక్కువ, టంకం ఎక్కువైనకొద్దీ కోత ఎక్కువ. అంటే ఆ తీగెను ఎన్ని రోజులు కూర్చొని వంచారో ఆ శ్రమ విలువ సున్నా ఐతే కొంత నయమే. అది రుణసంఖ్య ఐనది. మా ఫీజు కట్టాము. భరిణె ఆ రాత్రే కరిగిపోయి వుంటుంది.

తీగపనిలో పదార్థానికి వెల వున్నది, పనికి లేదు. లెగో పెట్టెలో పదార్థానికీ వెల లేదు, పనికీ లేదు; పెట్టె మీది అంకెకూ, మూతకు వేసిన ముద్రకూ వెల. నిర్మల్ బొమ్మ సంగతి ఏమిటని చూడటానికి, హైదరాబాదు నుంచి వచ్చిన వారానికే నిర్మల్ బస్సెక్కాను.

నిర్మల్ 2016 అక్టోబరు దాకా ఆదిలాబాదు జిల్లాలో వున్నది, ఇప్పుడు తానే ఒక జిల్లా. పదిహేడో శతాబ్దంలో నిమ్మనాయుడనే పాలకుడు రాజస్థాన్ ప్రాంతం నుంచి నకాషీలను పిలిపించి నిలిపాడని ఊరి మాట. తరువాతి కాలంలో ఈ ఊరు ఫిరంగులు పోతపోయడానికి పేరుపొందింది. కొయ్యబొమ్మ, ఇనుపఫిరంగి ఒకే ఊళ్ళో తయారైనవి. 1930లలో హైదరాబాదు ప్రధాని సర్ అక్బర్ హైదరీ కుటుంబం ఆదరణలో నకాషీల పని రాజధాని డ్రాయింగు రూములకు చేరింది. కొనేవాళ్ళకు బొమ్మ కంటే బంగారురంగు చిత్తరువు ముచ్చట కలిగించింది. పని క్రమంగా అటు మొగ్గింది. 1955లో నిర్మల్‌లో కళాకారుల సహకార సంఘం ఏర్పడింది. బిల్లున్‌లో కొయ్యబొమ్మ ఆగిపోవడానికి అయిదేళ్ళ ముందు మాట అది.

పొనికి కర్ర మెత్తన, తేలిక. ఆరబెట్టి, ముక్కలుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన లప్పంతో అతికి, సుద్ద పూసి, నునుపు చేసి, రంగులు వేస్తారు. సీతాఫలం, జామ, మామిడి, వంకాయ, మొక్కజొన్న కంకి—పండ్లూ కూరగాయలూ సెట్లుగా అమ్ముతారు. వీటిమీద అంకె వుండదు. చేసినవాని పేరూ వుండదు.

నేను మాట్లాడిన పెద్దమనిషికి డెబ్భైకి దగ్గర. నా విద్యార్థి ప్రశ్ననే ఆయన ముందు పెట్టాను: ఏ బొమ్మ చేయడం ఎప్పుడు ఆపుతామని మీరు ముందే అనుకుంటారా? ఆయనకు ప్రశ్నే అర్థం కాలేదు. "ఆపుడేంది సార్? మాకెవ్వరు జెప్తరు ఆపుమని? అడిగెటోళ్ళుంటె చేస్తం. కర్ర దొరుకాలె గద." కొంతసేపటికి లేచి, గూట్లోంచి ఒక జింకను తెచ్చి చూపాడు. వాళ్ళ నాయన చేసినది. కొమ్ములు వెంట్రుకంత సన్నగా, విరగకుండా నిలిచి వున్నాయి. "ఇసోంటిది నేను ఇర్వై ఏండ్ల కింద ఆఖరుసారి జేసిన. నాలుగొద్దులు వడ్తది. నాలుగొద్దుల కూలి ఎవరిస్తరు?" అన్నాడు. కొడుకులకు ఆ కొమ్ము చెక్కడం రాదట. నేర్పలేదా అని అడిగాను. "నేర్పి ఏం జేస్తె సార్, వాళ్ళు బతకొద్దా?"

రికార్డో చెప్పిన మొదటి తెగ సరుకు నా చేతిలో నిజంగా వున్నది. ఎవరి సంతకమూ లేకుండా, ఎవరికీ తెలియకుండా, శ్రమతో తిరిగి పుట్టించలేని స్థితికి అది చేరుకుంటున్నది. అచ్చు పెట్టెలో లేదు, ఒక ముసలివాని వేళ్ళలో వున్నది. ఈ అరుదుతనం మీద కూడా ఏదో ఒకనాడు ఎవడో లాభం తీస్తాడు. పాత ఇళ్ళ నిర్మల్ చిత్తరువులు పురాతన వస్తువుల దుకాణాలకు చేరడం చూస్తూనే వున్నాము. ఆ లాభం చెక్కినవాని ఇంటికి చేరే దారి మాత్రం ఎవరూ వేయలేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం సరికాదు. విదేశీ బొమ్మల మీద సుంకం 2020లో నూటికి 20 నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసి, నమోదైన చేతిపనివారి బొమ్మలకూ భౌగోళిక గుర్తింపు వున్నవాటికీ మినహాయింపు ఇచ్చారు. నిర్మల్ బొమ్మకు ఆ మినహాయింపు వర్తిస్తుంది. సుంకం వల్ల దేశంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ పెట్టినవానికి మేలు జరిగింది. మినహాయింపు వల్ల నకాషీకి ఇన్‌స్పెక్టరు బాధ తప్పింది. కర్ర మాత్రం రాలేదు.

కర్ర సంగతి అడవి సంగతి. నిజాం కాలంలో అడవిని రిజర్వు చేసినప్పుడు గోండులూ కోలాములూ తమ పోడునేలల నుంచి గెంటబడ్డారు. 1940లో జోడేఘాట్ గుట్టలలో కుమ్రం భీం ప్రాణమిచ్చింది ఆ హక్కు కోసమే. అదే అడవి గీతకు ఇవతల, చేతిలో ఉలి పట్టుకొని ఎదురుచూసిన నకాషీ గురించి మన చరిత్రకారులు రాయలేదు, నేనూ రాయలేదు. టేకుకు వున్న లెక్క పొనికికి లేదు. టేకు ఖజానాకు డబ్బు తెస్తుంది గనుక నాటారు; పొనికి దానంతట అదే మొలవాలి. ఊరి చుట్టుపక్కల నరికినవి నరికినట్టే పోయాయి. ఒక నమ్మకమైన జోస్యం చెప్పదలచినవాడు కంపెనీ ప్రకటనల కోసం వెతకనక్కరలేదు, పొనికిచెట్లను లెక్కపెడితే చాలును.

పండ్ల సెట్టు ఒకటి కొన్నాను. జింకను అడగాలని నోటిదాకా వచ్చింది, అడగలేదు. ఆయన దాన్ని తిరిగి గూట్లో పెట్టి, ముందు గుడ్డ కప్పాడు.

ఇంటికి వచ్చాక నా విద్యార్థికి ఫోను చేసి తాజ్‌మహల్ కథ చెప్పాను. వాడికి తెలుసునట, "అందుకే సార్, ఒకే సెట్టులో డబ్బంతా పెట్టొద్దు" అన్నాడు. జింక సంగతి చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే, "ఐతే సార్, నిర్మల్ బొమ్మలు ఇంక ఎన్నేళ్ళు చేస్తరంటారు?" అని అడిగాడు. ఆ పెద్దమనిషి వయసు చెప్పాను. కర్ర కోసం ఆయన ఎంత దూరం పోవలసి వస్తున్నదో చెప్పాను. వచ్చే ఆదివారం తననూ తీసుకుపొమ్మన్నాడు.